దుంగ కంటే ముందు కాగితం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే మాస్టరును. కార్యదర్శిగారు వచ్చి "ఈసారి మీరు మాట్లాడాలి, అదీ తెలుగులో మాట్లాడాలి" అన్నారు. ఉర్దూలో ఐతే హాయిగా మాట్లాడతాను గదా అన్నాను. "మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ మాట్లాడటం వచ్చుగాని చదవటం రావడం లేదు. సంచికలో అచ్చు వేస్తే తెలుగే అందరికీ అందుతుంది" అన్నారు. సరేనన్నాను. యీ సంగతి తెలుగులోనే చెప్పవలసిన కారణం ఒకటి నా యింట్లోనే వున్నది. అది ముందు ముందు మనవి చేస్తాను.

యీ మధ్య మన కుర్రవాళ్ళు నలుగురైదుగురు వేర్వేరుగా నా దగ్గరికి వచ్చి ఒకే మాట అడిగారు. "మాస్టర్‌సాబ్, ఆదిలాబాదు వైపు ఆరా మిషను పెట్టుకుందామనుకుంటున్నాం. మీ తమ్ముడు ఆ పనిలోనే వున్నాడుగదా, ఎట్లా వుంటుంది?" అని. ఆరా అంటే రంపం. కోత మిల్లునే మనవాళ్ళు ఆరా మిషను అంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరి ముందూ ఒకసారి చెబితే మంచిదనిపించింది.

ఆదిలాబాదు అంటే తెలంగాణకు ఉత్తరాన చిట్టచివరి జిల్లా. హైదరాబాదునుంచి సుమారు 300 కిలోమీటర్లు. 2016 లో దాన్ని నాలుగు జిల్లాలు చేశారు: ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీమ్ ఆసిఫాబాదు. అవతల మహారాష్ట్ర. మధ్యలో అడవి, టేకు అడవి. డిసెంబరు చలికి తెల్లవారుజామున చేతులు కొంకర్లు పోతాయి. మా అబ్బాజాన్ వయసంతా ఆ అడవిలోనే గడిచింది.

అబ్బాజాన్ ఆరాకష్. అంటే రంపం లాగే మనిషి. అప్పట్లో అడవిని కూపులుగా విడగొట్టి వేలం వేసేవారు. కూపు కాంట్రాక్టరు వెంట కోత కూలీలు పోయేవారు. ఎత్తుగా కట్టిన కట్టు మీదికి దుంగను ఎక్కించి, ఒకడు పైన, ఒకడు కింద నిలబడి పెద్ద రంపాన్ని లాగేవారు. పైవాడు గీత చూసుకుంటాడు, కిందివాడి కళ్ళల్లో పొట్టు పడుతుంది. మా అబ్బాజాన్ కిందివాడు. తరువాత కరెంటు మిల్లులు వచ్చాక ఒక మిల్లులో చేరాడు. అక్కడ ఒకరోజు బెల్టు కుడిచేతి రెండు వేళ్ళు తీసుకుపోయింది. మిగిలిన ఎనిమిది వేళ్ళతోనే మమ్మల్ని ఐదుగురిని చదివించాడు. మిల్లు పేరు ఎత్తితే మా అమ్మీ యిప్పటికీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

అటువంటి యింట్లో మా తమ్ముడు మళ్ళీ మిల్లు అన్నాడు. వాడు ఐటిఐ ఫిట్టరు. సౌదీలో పనిచేశాడు. 2017 లో అక్కడ కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము మొదలయ్యాక భార్యాపిల్లలతో తిరిగివచ్చేశాడు. చేతిలో కొంత సొమ్ము వుంది, మిషను పని తెలుసు, అబ్బాజాన్ నోట విన్న అడవి కథలున్నాయి. "భాయీజాన్, అడవి పక్కన మిల్లు పెడితే దుంగ చవకగా వస్తుంది, యిక తిరుగులేదు" అన్నాడు. వినడానికి ఎంత సబబుగా వున్నదో చూడండి. చెరుకు తోట పక్కన గానుగ పెట్టినట్టు. మన కుర్రవాళ్ళు యిప్పుడు అంటున్నదీ యిదే.

కాగజ్‌నగర్‌లో ఒక మధ్యవర్తి దొరికాడు. ఆ ఊరి పేరు గూర్చి ఒక్కమాట. మొదట అది కొత్తపేట. 1938 లో స్థాపించిన సిర్పూరు కాగితం మిల్లు అక్కడ వెలిశాక కాగజ్‌నగర్ అయింది. కాగజ్ అంటే కాగితమని మనకు వేరే చెప్పనక్కరలేదు. 2014 లో మూతపడిన ఆ మిల్లు 2018 లో గాని మళ్ళీ తెరుచుకోలేదు. మా తమ్ముడు పోయిన సమయానికి అది మూసే వుంది. యంత్రాల పని తెలిసిన మనుషులు దొరుకుతారని వాడికి అదొక ఆశ. మధ్యవర్తి ఒక ఏజెన్సీ గ్రామంలో పాత కోత మిల్లు చూపించాడు. రేకుల షెడ్డు, తుప్పుపట్టిన బ్యాండ్ రంపం, మోటారు. "లైసెన్సుతో సహా మీదే" అన్నాడు. మూడు లక్షల రూపాయలు బయానా. అందులో లక్ష నేను నా పి.ఎఫ్. నుంచి తీసి యిచ్చింది. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాశారు. తెలుగులో రాశారు. మా తమ్ముడు పదో తరగతి వరకు ఉర్దూ మీడియం. తెలుగు మాట్లాడతాడు, బోర్డులు కూడబలుక్కుంటాడు, అంతే. ఆ కాగితం మూడు పేజీలు. వాడు చదవలేదు, అడగడానికి నామోషీ పడ్డాడు, సంతకం చేశాడు. కాగితం పేరు పెట్టుకున్న ఊళ్ళోనే కాగితం చదవకుండా సంతకం పెట్టి వచ్చాడు.

వారం తరువాత ఆ కాగితం నేను చదివాను. షెడ్డు వున్న నేల ఒక ఆదివాసీ పేరు మీద వున్నది. కొనుగోలు కూడా ఆయన పేరుతోనే జరగాలి, మావాడు "నిర్వహణదారు" మాత్రమే. లైసెన్సు గురించి "ప్రయత్నము చేయబడును" అని వున్నది. లైసెన్సు వున్నదని ఎక్కడా లేదు. అడవి ఆఫీసుకు పోయి విచారిస్తే అది ఎప్పుడో రద్దయిందని తేలింది. బయానా కోసం రెండేళ్ళు తిరిగాం. సగం వచ్చింది. సగం రాలేదు.

తప్పు ఎవరిది? మధ్యవర్తిని తిట్టుకోవడం తేలిక. కాని ఆ కాగితం మీద సంతకం జరిగిన రోజున నేను బడిలో పిల్లలకు త్రైరాశికం చెబుతున్నాను. ఒక్కరోజు సెలవు పెట్టి వెంట వెళ్ళలేదు. మా తమ్ముడికి తెలుగు రాకపోవడంలోనూ నావంటి మాస్టర్లకు వాటా వున్నది. ఉర్దూ మన పిల్లలకు రావలసిందే, అందులో నాకు సందేహం లేదు. కాని తాము బతికే ఊళ్ళో ఆఫీసు కాగితం ఏ భాషలో వుంటుందో ఆ భాష చదవలేని పిల్లవాడిని బడి దాటించి పంపితే, మనం వాడికి సగం తాలీమే యిచ్చినట్టు. తెలుగులో ఎందుకు మాట్లాడుతున్నానో యిప్పుడు తెలిసింది గదా.

యిక అసలు విషయానికి వస్తాను. ఆ దెబ్బ తిన్న తరువాత నేనూ తమ్ముడూ కూర్చుని ఒక్కొక్క సంగతి తెలుసుకున్నాం. ఆ తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

మొదటిది నేల. ఆదిలాబాదు అడవి ప్రాంతంలో చాలా గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతం కిందికి వస్తాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970 లో సవరించారు. దాన్నే అందరూ 1/70 అంటారు. ఆ ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. కౌలు, తాకట్టు, దానం కూడా బదలాయింపు కిందికే వస్తాయి. గిరిజనుడి పేరు అడ్డం పెట్టుకొని వెనుక మనం వుండే బినామీ పద్ధతి కూడా చెల్లదు. "అందరూ చేస్తున్నారు" అనేవారు మనలోనూ వున్నారు. గోండులు, కొలాములు తరతరాలుగా వుంటున్న నేల అది. ఆ నేలకోసం, అడవికోసం, నీళ్ళకోసం పోరాడుతూ కొమురం భీమ్ 1940 లో ప్రాణం విడిచాడు. ఒక బీదవాడి పేరు అరువు తెచ్చుకొని ఆయన భూమి మీద మనం షెడ్డు వేసుకోవడం వ్యాపారమనిపించుకోదు. మా తమ్ముడు తెలియక ఆ దారిలో అడుగు పెట్టాడు. తెలిసి పెట్టవద్దని మీకు మనవి.

రెండవది లైసెన్సు. కోత మిల్లుల నియమాలు మన రాష్ట్రంలో 1969 నుంచే వున్నాయి. కాని అసలు బిగింపు 1996 డిసెంబరు 12 న వచ్చింది. నీలగిరి అడవుల గూర్చి గోదావర్మన్ తిరుముల్పాడ్ అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆనాడు దేశమంతటికీ వర్తించే ఉత్తర్వులిచ్చింది. 2002 లో కొత్త మిల్లులకు కేంద్ర సాధికార కమిటీ ముందస్తు అనుమతి తప్పనిసరి అన్నది. 2016 లో కేంద్ర ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు తెచ్చి, ఆ పరిశీలన రాష్ట్రస్థాయి కమిటీకి అప్పగించింది. రాష్ట్రంలో చట్టబద్ధంగా దొరికే కలప ఎంత, వున్న మిల్లులు కోయగలిగింది ఎంత అని చూసి గాని కొత్తదానికి అనుమతి యివ్వరు.

యిది మనలాంటి చిన్నవాళ్ళను అణచడానికే అని మొదట మా తమ్ముడు కోపగించుకున్నాడు. ఆలోచిస్తే సంగతి వేరు. మిల్లు అంటే ఒక పొట్ట. దానికి రోజూ తిండి కావాలి. ఊళ్ళో నాలుగు పొట్టలకు సరిపడా దుంగలు దొరికేచోట పది పొట్టలు పెడితే, మిగిలిన ఆరూ రాత్రిపూట తింటాయి. అడవికి ఎంత దగ్గరైతే రాత్రి తిండి అంత సులభం. అందుకే అడవి అంచున కొత్త మిల్లు అంటే ఆఫీసువారు వెనక్కి జరుగుతారు. పైగా కవ్వాల అడవి 2012 లో పులుల అభయారణ్యమైంది. ఆ చుట్టుపక్కల సంగతి చెప్పనే అక్కరలేదు. అడవి పక్కన మిల్లు పెడితే సుఖమనుకున్నాం గాని, చివరికి అదే అన్నిటికన్నా కష్టమైన చోటని తేలింది.

పోనీ దుంగైనా చవకా అంటే, అదీ కాదు. టేకు దుంగ అడవి శాఖ డిపోలో వేలంలో అమ్ముతారు. పాట ఎవరు ఎక్కువ పాడితే వారిది. హైదరాబాదు టింబర్ డిపోవాడు కూడా వచ్చి మీ పక్కనే నిలబడి పాడతాడు. పక్క ఊరివాడివని మీకు రూపాయి తగ్గించరు. మిగిలేది లారీ కిరాయి మాత్రమే.

మూడవది లెక్క. యిది నా సబ్జెక్టు గనుక కాస్త ఓపిక పట్టండి. నల్లబల్ల లేదు, మనసులోనే వేసుకోండి. దుంగ చుట్టుకొలత 4 అడుగులు, పొడవు 10 అడుగులు అనుకోండి. చుట్టుకొలతలో నాలుగోవంతు తీసుకొని దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించడం పాత వ్యాపారపు కొలత. నాలుగోవంతు 1 అడుగు. ఒకటిని ఒకటితో, దాన్ని పదితో గుణిస్తే 10 ఘనపుటడుగులు. నిజానికి ఆ గుండ్రటి దుంగలో వున్నది 12 ముప్పావు దాకా వుంటుంది. అంటే దాదాపు అయిదోవంతు కొలతలోనే వదిలేశారు. అది చూసి మావాడు "అయిదోవంతు లాభం" అని ఎగిరి గంతేశాడు.

ఆగమన్నాను. ఆ దుంగ అడ్డకొలత 15 అంగుళాల పైచిలుకు. గుండ్రాన్ని చదరం చేస్తే భుజం 10.8 అంగుళాలు. నాలుగు పక్కలా పోయింది పోగా ఆ చదరపు దూలంలో వున్నది 8.1 ఘనపుటడుగులే. దాన్ని అంగుళం మందం పలకలుగా కోయాలి. రంపం తిన్న మందం పొట్టుగా పోతుంది. రంపం అంగుళంలో ఎనిమిదోవంతు తింటే 9 పలకలు వస్తాయి. పాత గుండ్రటి రంపం పావు అంగుళం తింటే 8 పలకలే వస్తాయి. ఒక్కొక్క పలక ముప్పావు ఘనపుటడుగు. అంటే పదికి డబ్బు కట్టి, మంచి రంపంతో ఆరుముప్పావు, పాత రంపంతో ఆరు తెచ్చుకుంటున్నాం. పక్క చెక్కలు రీపర్లకు పనికివస్తాయి, పొట్టు పొయ్యిలకు పోతుంది. కాని టేకులో చేవ వున్నంతవరకే ధర, పైనున్న తెల్లచెక్కను కొనేవాడు వేలు పెట్టి చూపించి తోసేస్తాడు. దుంగ లోపల డొల్ల వుంటే అది మీ నసీబు. వేలంలో కొన్నది వెనక్కి తీసుకోరు.

అందుచేత లాభమంతా ఆకురాయి పట్టే చేతిలో వుంది. పళ్ళు సరిగా పదునుపెట్టి, సమంగా వంచకపోతే రంపం వంకరపోతుంది, ఒక్కో దుంగకు ఒక్కో పలక పోతుంది. ఆ పని తెలిసినవాడు మారుమూల ఊళ్ళో దొరకడు. బ్లేడు తెగితే పట్నం తీసుకుపోయి అతికించుకొని రావాలి. ఆ రెండు రోజులూ మిల్లు నిద్రపోతుంది. కూలీ నిద్రపోదు, వడ్డీ నిద్రపోదు. మిషను కొనడానికి ఎంత కావాలో అందరూ లెక్కవేస్తారు. దుంగ కొన్న రోజునుంచి పలక అమ్మి డబ్బు చేతికి వచ్చే రోజు వరకు తిండికి ఎంత కావాలో ఎవరూ వేయరు. మిల్లులు మూతపడేది అక్కడే.

నాల్గవది వేళ్ళు. బెల్టుకు జాలీ కప్పు వుండాలి. లుంగీతో, వదులు చేతుల ఖమీజుతో, మెడలో రుమాలుతో మిషను దగ్గరికి రానివ్వకూడదు. రంపం ఆగకుండా చెక్క ముక్క తీయకూడదు. యిది చట్టంలో వున్నది గనుక చెప్పడం లేదు. మా యింట్లో అన్నం కలిపే చేతిని చూస్తూ పెరిగాను గనుక చెబుతున్నాను.

యిప్పుడు మా తమ్ముడు ఏంచేస్తున్నాడు? 2019 లో షెడ్యూల్డు ప్రాంతం కాని ఒక ఉత్తరాది మునిసిపల్ పట్టణంలో, లైసెన్సు చెల్లుబాటులో వున్న ఒక పెద్దాయన మిల్లులో, అడవి శాఖ అనుమతితో భాగస్తుడుగా చేరాడు. ఈసారి ప్రతి కాగితం నేను చదివి, వాడికి ఉర్దూలో చెప్పాను. తరువాతే సంతకం. వాళ్ళు ఎక్కువగా చేసేది కూలి కోత. రైతు తన పొలంలోని వేప, తుమ్మ, మామిడి తెస్తాడు. పట్టా టేకు ఐతే కొట్టడానికీ, తేవడానికీ అనుమతి కాగితాలతో తెస్తాడు. కోసి యిచ్చి కూలి తీసుకుంటారు. దుంగ మీద పెట్టుబడి లేదు. లాభం తక్కువ, భయం తక్కువ. 2020 లాక్‌డౌన్‌లో మిల్లు మూసి కూర్చున్నప్పుడు ఆ పద్ధతే వాళ్ళను నిలబెట్టింది.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. 2021 లో ఒక రాత్రి పదకొండు గంటలకు తమ్ముడు ఫోను చేశాడు. గేటు ముందు ట్రాక్టరు నిలబడి వుంది. పది పన్నెండు టేకు దుంగలు, మంచి చేవ. వాటి మీద అడవి శాఖ సుత్తి ముద్ర లేదు, రవాణా పర్మిటు లేదు. సగం ధర చెబుతున్నారు. తెచ్చినవాడు మిల్లుకు పాత ఖాతాదారు. "ఏం చేయమంటావు భాయీజాన్?" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నేను వెంటనే వద్దనలేదు. వాయిదా కట్టవలసిన తేదీ ఐదు రోజుల్లో వుంది. నా నోట మాట రాలేదు. అమ్మీ నిద్రలేచి, "ఏమిటి?" అని అడిగింది. చెప్పాను. ఆమె ఫోను తీసుకొని "బేటా, మీ అబ్బా రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడుగాని దొంగ దుంగ మీద చెయ్యి వేయలేదు. గేటు తీయకు" అన్నది. వాడు తీయలేదు.

దానికి బహుమానం ఏమైనా దొరికిందా అంటే, లేదు. ఆ ఖాతాదారు మళ్ళీ రాలేదు. అతని వెంట మరో యిద్దరు పోయారు. రెండు నెలల వాయిదా నా జీతంలోంచి కట్టాను. కాని ఆ తరువాత ఎప్పుడు అడవి శాఖవారు తనిఖీకి వచ్చినా, మా తమ్ముడు లోపలికి వచ్చిన దుంగల రిజిస్టరూ, బయటికి పోయిన చెక్కల రిజిస్టరూ తెచ్చి బల్లమీద పెట్టి, టీ తాగుతూ కూర్చుంటాడు. ఆ కూర్చోగలగడం ఎంత విలువైనదో పక్క మిల్లుల్లో పరుగులు చూసినవారికి తెలుస్తుంది.

కనుక కోత మిల్లు పెట్టాలనుకునే మన కుర్రవాళ్ళు నాలుగు ప్రశ్నలకు జవాబు తెచ్చుకోవాలి. నేల ఎవరిది? లైసెన్సు ఎవరి పేర, ఎప్పటివరకు? దుంగ ఎక్కడినుంచి, దాని మీద ముద్ర వుందా? పనివాడి వేళ్ళకు రక్షణ ఏది? నాలుగింటికీ కాగితం మీద జవాబు వుంటే పెట్టండి. మూడింటికే వుంటే ఆగండి. ఆగడంలో నామోషీ లేదు. కోత మిల్లే పెట్టాలని లేదు గదా. లైసెన్సు వున్న మిల్లులో చెక్క కొని తలుపులు, కిటికీలు, మంచాలు చేసే వడ్రంగి పనిలో కూడా అన్నం వుంది.

చివరగా సొసైటీ పెద్దలకు ఒక విన్నపం. మనం చిన్న రుణాలు యిస్తున్నాం, మంచిదే. దానికంటే ముందు కాగితం చదివిపెట్టే ఏర్పాటు ఒకటి చేయండి. ప్రతి ఆదివారం అసర్ తరువాత ఒక గంట, ఒక బల్ల, రెండు కుర్చీలు చాలు. ఎవరు ఏ అగ్రిమెంటు, ఏ నోటీసు, ఏ పర్మిటు తెచ్చినా చదివి, వారికి తెలిసిన భాషలో చెప్పాలి. పైసా ఖర్చు లేదు. ఒక కుర్చీలో నేను కూర్చుంటాను. రెండవ కుర్చీలో కూర్చునేవారు యీ సభలోనే వున్నారని నా నమ్మకం. ఆనాడు ఆ గంట, ఆ బల్ల వుండివుంటే మా యింటి లక్షన్నర పోయేది కాదు.